ఆడిబిడ్డ బీడు

మంథని
28 మే 2025, బుధవారం

తమ్ముడు హనుమండ్లుకు,

నేను కమలవ్వను, నీ అక్కను. నీకెన్నడు ఉత్తరం రాసిన దాన్ని కాదు, ఎవలు రాసిండ్రో అనుకుంటవని ముందే చెప్తున్న. రాత వంకరటింకర ఉంటది. నా కొడుకు భాను ఏడో తరగతిల ఉన్నప్పుడు వాని నోటుబుక్కు ఎనుక పేజీలల్ల నేర్పిన అక్షరాలే ఇవి. "అవ్వా, నీ 'క' గొర్రె పండుకున్నట్టున్నది" అని నవ్వేటోడు. ఇప్పటికి గట్లనే పండుకున్నది చూడు.

ఫోన్ చేయక ఉత్తరమేందంటవా? నా ఫోన్ పక్కింటి సుల్తాన్ బీకి ఇచ్చేసిన. గా వార్త ఫోన్లనే వచ్చింది గద. అప్పటి సంది ఫోన్ చెవి కాడికి వస్తె పాణం దడదడలాడుతది. ఉత్తరమైతే మెల్లగ వస్తది. మంచిగున్నా చెడ్డగున్నా, మనిషి తయారైనంక విప్పుకోవచ్చు.

ఇక్కడ రోహిణి ఎండలు పెయ్యి కాలుస్తున్నయ్. బీడీలు చేస్తున్న. ఆకు మంచిది వస్తలేదు, తడిపినా చినుగుతుంది. చేతులు చేస్తనే ఉన్నయ్, నేనే ఏడనో ఉంటున్న.

తమ్మీ, నాకో కల వస్తుంది. రోజు తెల్లారగట్ల. మా ఇంట్ల గచ్చు మీద గడ్డి మొలుస్తది. మొదలు మంచం కోళ్ళ దాక, ఆనెంక దిండు దాక. పచ్చగ, సల్లగ, సప్పుడు లేకుండ ఊగుతది. గా గడ్డిలకెళ్ళి ఎవలో ఎగురుతరు. నల్లటి నడినెత్తి కనవడతది, అంతే. మొకం కనవడే లోపట మల్ల గడ్డిల మునుగుతది. "ఎవలు బిడ్డా" అని నోరు తెరిచేటాలకు మెలకువ అయితది. లేచి కాళ్ళు కింద పెడితే ఉత్త గచ్చు.

రెండు ముచ్చట్లు అడుగుదామని రాస్తున్న. ఒకటి. బాపు నాకు పసుపుబొట్టు కింద ఇచ్చిన నాలుగెకరాల బీడును మీ ఇచ్చోడ అరుణ్‌కుమార్ సేటు కౌలుకు అడుగుతుండు. దున్ని పత్తి పెడతడట. ఇద్దామనుకుంటున్న. నా కొడుకు పాణం గా గడ్డిలనే పోయింది. పోయినేడు పెద్దలకిచ్చే పెత్తరమాసకు నాలుగొద్దుల ముందు, వాళ్ళ బాపు పేర బియ్యం ఇయ్య ఇంటికి రావల్సినోడు, పిట్టల ఎంబడి పోయి పిడుగు కింద పడె. పిట్టలను కాపాడే కొలువంట, ఏం కొలువో. గా గడ్డి ఇంకెందుకు? నాగలి పెట్టి తిరగేస్తే నా కలలకెళ్ళి గూడ పోతదేమో.

రెండోది. వాడు ఇంటికి వచ్చినప్పుడల్ల నా పాత చీరలు బ్యాగుల పెట్టుకపోయేటోడు. "ఎవలికిరా" అంటె "ఉన్నరులే అవ్వా" అని నవ్వేటోడు. ఆరు చీరలు పోయినయ్. గా పిల్ల ఎవలు తమ్మీ? నీకు ఎర్కే ఉంటది. నేనేమనను. ఒక్కసారి మొకం చూసి వస్త. నా చీర కట్టుకున్న పిల్ల ఏడనో ఉన్నదంటే, వాడు ఇంత ఉన్నట్టే గద.

దినాలకు అందరు వచ్చిండ్రు. నువ్వే రాలే. పుట్టింటి చీర లేకుండ కూసున్న. చీర కోసం కాదు, నీ తొవ్వ చూసిన. గొర్లు గంత ముఖ్యమైపాయెనా? ఈ మాట రాయొద్దనుకున్న. రాసిన. కొట్టేస్తే కాయిదం ఖరాబైతది.

నీ బిడ్డ నవతను అత్తమ్మ అడిగిందని చెప్పు.

నీ అక్క
కమలవ్వ


ఇచ్చోడ దిక్కు, గుట్ట కింద మంద కాడ
7 జూన్ 2025

అక్కకు హనుమండ్లు దండాలు.

నీ ఉత్తరం ముట్టింది. పోస్టాయన మంద కాడికే తెచ్చిండు. కుక్కలు ఆయనను బండ ఎక్కించి పావుగంట నిలవెట్టినయ్. బండ మీదికెళ్ళే "హనుమండ్లూ, ఉత్తరం కావాల్నా కుక్కలు కావాల్నా" అని ఒర్లిండు.

మేమంత మంచిగున్నం. మొగులు అవుతుంది, చినుకు లేదు. భాను పుట్టిననాడు నేను వాని పేర కట్టిన బొల్లి గొర్రె యాదికున్నదా? దాని మనవరాలి మనవరాలు కవలలను ఈనింది. రెండు బొల్లివే.

అక్కా, భూమి ముచ్చట జర ఆపు. ఈ పెత్తరమాస దాక ఆగు. కారణం రాస్త, ఓపికతోని చదువు.

మూడేండ్ల కింద అల్లుడు భాను కొలువు మీద మొదటిసారి ఇటు వచ్చి తొమ్మిది మందల పెద్దమనుషులను కూసోబెట్టిండు. నేల నెమలి అని ఓ పిట్ట ఉన్నది. పేరుకే నెమలి, కోడంత ఉంటది. వానకాలం గడ్డిల నేల మీదనే గుడ్లు పెడతది. దేశం మొత్తం మీద శాన తక్కువ మిగిలినయంట. "తొలి వాన సంది పెత్తరమాస దాక ఈ నలభై ఎకరాల బీడుల మందలు దింపకున్రి" అని అడిగిండు. కైలాసం మామ ఎర్కే గద, నోరు ఊకుండదు. "ఏందిరా అల్లుడా, కోడంత పిట్ట కోసం నా గొర్లు ఉపాసముండాల్నా? గా పిట్ట నీకు పిల్లనిస్తదా?" అన్నడు. అందరు నవ్విండ్రు. భాను గూడ నవ్విండు. నవ్వి, "మామా, గుట్ట ఎక్కి చుట్టు చూడు. అంత పత్తే. గడ్డి ఉన్నదని పిట్ట వస్తుంది, గడ్డి ఉన్నదని నువ్వు ఉన్నవ్. పిట్ట పోయిన ఏడాదికి నీ మంద పోతది" అన్నడు. మామ తెల్లారి మా దొడ్డి కాడికి వచ్చి "నా మంద దింపను, పో" అన్నడు.

అక్కడితోని ఒడువలే. ఒక్కొక్కని కాడ పండుకున్నడు, తిన్నడు, గొర్లకు కుంటు రోగం వస్తే మందులోళ్ళను పిలుచుకొచ్చిండు. పెత్తరమాస అయినంక బీడు విడిస్తే గడ్డి గింజ రాలి ఉంటది, మోకాలెత్తు మేత ఉంటది. తొమ్మిది మందలు వంతులు పెట్టుకొని మేపుకుంటయ్. ఇప్పుడు ఎవలు గూడ కాదంటలేరు.

నీ నాలుగెకరాలు గా నలభైల నట్టనడుమ ఉన్నయ్. నడుమ నాగలి దిగితే పిట్ట దిగది. పక్కలోళ్ళు గూడ ఆగరు, దున్నుడు మొదలువెడతరు.

చీరల సంగతి. ఇచ్చింది నిజమే. ఎవలికి అంటె, రాస్తే ఒడువది. వానలు పడ్డంక ఓసారి ఇటు రా, నీ కండ్లతోని చూస్తె నీకే సమజైతది. దినాలకు ఎందుకు రాలేదో గూడ అప్పుడే చెప్త. కాయిదం మీద చెప్పే ధైర్యం నాకు లేదు.

నీ తమ్ముడు
హనుమండ్లు


మంథని
16 జూన్ 2025

హనుమండ్లుకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. పిట్ట గురించి రెండు పేజీలు రాసినవ్. పిల్ల గురించి రెండు మాటలు.

మిరుగం పోయింది. బోర్లున్నోళ్ళు నారు పోస్తున్నరు. గోదారి ఒడ్డు పొంటి పొద్దుగాల గాలి సల్లగ వస్తుంది. గా గాలికి అరుగు మీద కూసుంటె బీడీ ఆకులు ఒళ్ళె ఎగురుతయ్. నిన్న ఓ ఆకు పోయి సుల్తాన్ బీ చాయ్ గిలాసల పడ్డది. "అక్కా, చాయ్ గూడ తాగనియ్యవా" అన్నది. చాన దినాలకు నవ్వు వచ్చింది. వచ్చినందుకు ఏడుపు వచ్చింది.

కల ఆగలే. నిన్న గడ్డి కిటికీ దాక పెరిగింది. ఎగిరింది ఎవలో, నెత్తి మీద సన్నటి కుచ్చులున్నయ్. పెండ్లికొడుకు బాసింగమేమో అనిపించింది.

తమ్మీ, నేను చదువు రాని దాన్నే గని కండ్లు లేని దాన్ని కాదు. రాస్తే ఒడువది, వచ్చి చూడు అంటివి. దినాలకు రాకపోతివి. కాయిదం మీద చెప్ప ధైర్యం లేదంటివి. ఇవ్వన్ని కలిపితే ఏమైతది? నవతనే గద. నా చీరలు నవతకే ఇచ్చిండు. మేనమామ బిడ్డ, వరుసైన పిల్ల, మీ ఇంట్ల తిరిగిన పోరడు. నాకు ముందే తట్టాల్సింది. ఇప్పుడు ఆ పిల్లకు ఇంకో సంబంధం చూస్తున్నవ్, ఈ ముచ్చట బయటపడితే చెడుతదని దాస్తున్నవ్. గంతే గద?

చెప్తే నేను చెడగొడతనా? నా నోటికెళ్ళి ఒక్క మాట బయటికి పోనిత్తునా? పిల్లను దగ్గర కూసోబెట్టుకొని ఒక్క పూట బువ్వ తినిపిద్దును. గంత మాత్రం నాకు దక్కనియ్యవైతివి.

నువ్వు పిట్టలకు ఉన్నవ్, గొర్లకు ఉన్నవ్. అక్కకు లేవు. అందుకే సేటు మల్ల మనిషిని పంపితె సరే అన్న. వానలు ఎనుకపట్టు వట్టినయని ఆగిండు. తొలి ఏకాశి తెల్లారి సోమవారం ట్రాక్టర్ పెడతడు. నా భూమి, నా ఇష్టం. అడ్డం రాకు.

కమలవ్వ


మంద కాడ
26 జూన్ 2025

అక్కా,

నవత నీ ఉత్తరం చదివింది.  ఆనెంక వచ్చి, "బాపూ, భాను బావ నాకు చీరలియ్యలే, తిట్లిచ్చిండు. పీలికలు మంచిగ కడతలేనని. అత్తమ్మకు నిజం నువ్వు రాస్తవా, నన్ను రాయమంటవా?" అని అడిగింది. రాస్తున్న.

నీ చీరలు ఏ పిల్ల కట్టుకోలే అక్కా. బీడు కట్టుకున్నది.

బీడు బంద్ అని ఆఫీసోళ్ళు ఇనుప బోర్డు పెట్టిండ్రు. గొర్లు దానికి ఒళ్ళు రాక్కుంటుండె. చదివేటోడు ఎవడు? అప్పుడు భాను నన్ను అడిగిండు, "మామా, మా అవ్వ నాలుగెకరాలల్ల మీరెవలు మంద ఎందుకు దింపరు?" అని. ఆడిబిడ్డ సొత్తురా, నాలుగు మూలల ఆమె కట్టిడిసిన చీర పీలిక ఉంటది, గది దాటి మేపితె మంద బర్కతుండదు, తరుగుతది అన్న. వాడు గడ్డి పోస నముల్కుంట బీడు చుట్టు చూసిండు. "గట్లైతె నలభై ఎకరాలు మా అవ్వకే ఇయ్యున్రి మామా. మూడు నెలల కోసం" అన్నడు.

పెద్దమనుషులు ఒప్పుకున్నరు. నీ చీరలు చింపి బీడు చుట్టు కట్టెలకు కట్టిండ్రు, నవత, వాడు. గా దినం సంది మహారాష్ట్ర దిక్కు మందలు వచ్చినా పీలిక చూసి మర్లిపోతున్నయ్. నీకు ఎర్క లేదు గని, మూడేండ్ల సంది ప్రతి వానకాలం నువ్వు నలభై ఎకరాల ఆసామివి. పెత్తరమాస నాడు నిన్ను తోల్కొచ్చి చూపెడదామని వాడు చెప్పకుండ దాచిండు.

ఇప్పుడు రెండోది. రాయకుంటె నా పాణం పోదు.

గా దినం అల్లుడు బ్యాగు సదురుకున్నడు. మంథనికి బస్సు ఎక్కాలె. గాలి మస్తు లేచింది. నేనే అన్న, "అల్లుడా, ఉత్తరం దిక్కు పీలిక ఊడింది, కట్టిపో. పిల్లలు ఇంక ఎగురలేవు, ఏదన్న మంద దిగితే తొక్కుతది." నాలుగొద్దులైతే బీడు విడుస్తుంటిమి అక్కా. నాలుగొద్దులు. ఊకుంటె అయిపోతుండె. "సరే మామా, రెండు నిమిషాలు" అని ఉరికిండు. మొగులు ఇంక దూరమే ఉన్నదనుకున్న.

నేను పోయేటాలకు వాని పిడికిట్ల పీలిక ఉన్నది. నీ ఆకుపచ్చ చీరది. నేను తీసుకున్న. నీకియ్యలే. గొర్ల మందుల పెట్టెల దాచిపెట్టిన.

దినాలకు నీకు చీర కొన్న. ఇచ్చోడ బస్టాండ్ల పొద్దంత కూసున్న. మంథని దిక్కు బస్సు మూడుసార్లు పోయింది. ఏ మొకం పెట్టుకొని నీ ఒళ్ళె చీర పెట్టాలె?

నన్ను ఏమన్న అను. దున్నిస్తనంటె దున్ను. గని ఒక్కటి చెప్త, విను. మొన్న వాన పడ్డది. నిన్న పొద్దుగాల నేల నెమలి వచ్చింది. మొగది. నల్లటి నెత్తి, నెత్తి ఎనుక సన్నటి కుచ్చులు. గడ్డిలకెళ్ళి మనిషెత్తు పైకెగురుతది, రెప్ప కొట్టే లోపట మునుగుతది. మల్ల ఎగురుతది. పొద్దంత గంతే. నీ కల చదివిన సంది నాకు అటు చూడ బుగులైతుంది.

పోయినేటి పీలికలు వానకు కుళ్ళి రాలినయ్. పీలిక లేకుంటె హద్దు లేదంటున్నరు కైలాసం మామోళ్ళు. వాళ్ళు దింపరు, బయటి మందలు దిగుతయ్. బజార్ల కొన్న బట్ట పనికిరాదు. ఆడిబిడ్డ కట్టిడిసినదే కావాలె. అడిగే హక్కు నాకు లేదు. అడుగుతలేను. ఉన్నది రాసిన.

హనుమండ్లు


మంథని
7 జూలై 2025, సోమవారం

తమ్మీ,

ఇయ్యాల ట్రాక్టర్ రావల్సిన దినం. రాలే గద? రాదు.

నీ ఉత్తరం పోయిన మంగళవారం వచ్చింది. ఐదొద్దులు నిన్ను తిట్టిన. ఇంట్ల తిట్టిన, సాలకుంటె గోదారి ఒడ్డుకు పోయి తిట్టిన. చేపలు పట్టేటోళ్ళు వల ఇడిచి నా దిక్కు చూసిండ్రు. రెండు నిమిషాలు అని ఉరికిండని రాసినవ్ చూడు, గా మాట కాడ నా పాణం ఆగిపోయింది. వాడు చిన్నప్పటి సంది గంతే. దేనికన్న రెండు నిమిషాలే.

నిన్న తొలి ఏకాశి. ఉపాసముండి కూసున్న. తిట్లు ఒడిసినయ్. ఒడిసినంక అడుగున ఒక ముచ్చట కనవడ్డది. నీకు తప్ప ఎవలికి చెప్పుకోలేను.

గా పీలిక కథ వానికి చెప్పిందే నేను, ఎర్క ఉండే నిన్ను అడిగిండు. చిన్నప్పుడు వానికి జరం వచ్చింది, బువ్వ తినడు. నా పెండ్లి చీర కొంగు చింపి బాపు నాలుగు మూలల కట్టిన ముచ్చట చెప్పిన. "ఆడిబిడ్డ చీర ఉన్న కాడ ఎంత పెద్ద మందైనా ఆగుతది బిడ్డా, దేవుడు గూడ ఆగుతడు" అన్న. వాడు నోరు తెరిచి వింటుంటె బుక్క పెట్టిన. ఇంకో బుక్క తినాల్నని ఇంక పెంచి చెప్పిన.

దేవుడు ఆగలే. గని మందలు ఆగినయ్. వాడు సగం నిజం చేసిండు.

నువ్వు ఉరుకుమన్నవ్. నేను కథ చెప్పిన. పిడుగుకు ఇవేవి ఎర్కలేదు. ఇక్కడ నువ్వొక్కనివే నిలవడకు తమ్మీ, పక్కకు జరుగు, నాకు జాగియ్యి.

మాపటికి సుల్తాన్ బీ ఇంటికి పోయిన. "సేటుకు ఫోన్ కలుపు" అన్న. ఆమె నా మొకం చూసింది. "ఫికర్ చేయకు అక్కా, నేను పట్టుకుంట, నువ్వు చెవి పెట్టు" అని బిస్మిల్లా అనుకుంట నొక్కింది. తొమ్మిది నెలలకు ఫోన్ చెవికి పెట్టిన. అటు ఉత్త మనిషి గొంతే వచ్చింది. ట్రాక్టర్ వద్దన్న. "ఏమైందవ్వా, ఇంకెవలికన్న ఇచ్చినవా?" అన్నడు. ఇచ్చిన అన్న. "ఎవలికి?" అంటె పిట్టలకు అన్న. "పిట్టలు ఏమిస్తయ్ నీకు?" అని నవ్విండు. నువ్వు పత్తి పెడితే నాకు కొడుకునిస్తవా అన్న.  "వద్దులే అవ్వా, తప్పైంది" అని పెట్టేసిండు. మంచోడే పాపం.

బస్సు పార్సిల్ల చీర పంపిస్తున్న. ఊదా రంగుది. ఫోన్ వచ్చిననాడు కట్టుకున్నది. గా దినం ఇడిచినంక మల్ల కట్టలే, పారెయ్యలే. కట్టిడిసినదంటె గింతకంటె ఏముంటది? చింపున్రి. నవతను మంచిగ కట్టుమను, వాడు తిట్టేటట్టు కట్టొద్దను.

గా ఆకుపచ్చ పీలిక నాకు పంపకు. ఉత్తరం దిక్కు కట్టు. వాడు కట్టవోయిన కాడ.

నా కలల ఎగిరేది ఎవలని నేను నిన్ను అడుగ. నువ్వు గూడ చెప్పకు.

అక్క


మంద కాడ
20 ఆగస్టు 2025

అక్కకు,

రాయ ఆలస్యమైంది. నీ ఉత్తరం చదివినంక చెయ్యి కలం పట్టలే.

చీర ముట్టింది. తొమ్మిది మందలోళ్ళు వచ్చిండ్రు. చింపుమంటె ఒక్కడు ముందుకు రాలే. ఆఖరికి కైలాసం మామ చీర కండ్లకు అద్దుకొని, "కమలవ్వా, నీ బిడ్డ పిట్టను కాసే పని మాకు పెట్టి పోయిండు" అని మొదటి చింపు చింపిండు. మామ కండ్లల్ల నీళ్ళు నేను గిదే చూసుడు. చూసిన్నని ఎర్కయితే నన్ను ఊర్ల ఉండనియ్యడు, నువ్వు ఎవలికి అనకు.

ఆకుపచ్చది నేనే కట్టిన, ఉత్తరం దిక్కు.  రెండు నిమిషాల పనికి శానసేపు పట్టింది.

పెంటి మూడు గుడ్లు పెట్టింది. ఒకటి మురిగింది. రెండు పిల్లలు లేచినయ్. నవత దూరంకెళ్ళి చూసి వచ్చింది. గడ్డి ఇప్పుడు నడుముకొచ్చింది, గునుగు తెల్లగ పూసింది. గాలి వస్తె నలభై ఎకరాలు ఒక్కసారి పక్కకు ఒత్తిగిల్లుతయ్, నిద్రల మనిషి లెక్క. ఊదా పీలికలు దానితోని ఊగుతయ్. పొద్దుగాల మంచుల చూస్తె, ఎవలో ఆడమనిషి బీడు చుట్టు మెల్లగ తిరుగుతున్నట్టుంటది. మా గొర్లు గూడ అక్కడికొచ్చి తలకాయ ఎత్తి నిలవడతయ్, మల్ల మర్లుతయ్.

అక్కా, ఒకటి అడుగుత. వచ్చే పెత్తరమాసకు భాను పేర బియ్యం ఇస్తవ్ గద. నేను వస్త. కాదంటె గడప బయట నిలవడత.

హనుమండ్లు


మంథని
1 సెప్టెంబర్ 2025

తమ్మీ,

గడప బయట ఎందుకు నిలవడతవ్, వాన పడుతుంది. లోపటికే రా. నవతను తోల్కరా. దానికి అనరాని మాట అన్న, ఒక్క పూట బువ్వ నా చేతితోని పెట్టాలె. బియ్యం ఇచ్చినంక అందరం కలిసి ఇచ్చోడకు పోదం. బీడు విడిచేనాడు నేను ఉండాలె. మూడేండ్లు ఆసామినైతిని, ఒక్కసారన్న చూడకపోతిని.

కల ఇంక వస్తనే ఉన్నది. ఇప్పుడు పిలుస్తలేను. ఎగరనిస్తున్న.

బస్టాండ్ల పట్టుకొని కూసున్న చీర ఉన్నదంటివి గద, అది తే. మర్వకు. లేత రంగుదైతే మార్చి ముదురుది తే, గడ్డిల దూరంకెళ్ళి కనవడాలె. పెట్టిన దినం సందే కట్టుకుంట. బీడీల కాడ కట్టుకుంట, గోదారి కాడ కట్టుకుంట, రోజు ఉతికి రోజు కట్టుకుంట. వచ్చే వానకాలం లోపట పాతగ చెయ్యాలె గద. కొత్త చీరకు మంద ఆగదు.

నీ అక్క
కమలవ్వ